పన్నెండు రోజులు ముందు పుట్టిన ఓపెనర్

ప్రశ్న: మా అబ్బాయికి ఈ ఆగస్టు 20న పదమూడేళ్లు నిండాయి. ఎనిమిదో ఏట నుంచి క్రికెట్ ఆడుతున్నాడు. ఓపెనింగ్ బ్యాటర్. ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. సెప్టెంబరు చివర్లో అండర్-14 సెలక్షన్లకు వెళ్తే నెట్స్‌లో పది బంతులు ఆడించి పంపేశారు. మా తోటికోడలి కొడుకు మాత్రం ఎంపికయ్యాడు. అతను అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 12న పుట్టాడు. అంటే సెలక్షన్ల రోజుకే పద్నాలుగు నిండాయి. పద్నాలుగు నిండినవాణ్ణి అండర్-14లోకి ఎలా తీసుకుంటారు? ఇది మోసం కాదా? మా అత్తగారు జాతకం చూపిస్తే, పుట్టిన వేళను బట్టి వీడికి ఆటలు కలిసిరావన్నారట. అకాడమీకి వచ్చే ఒకాయన జనన ధ్రువపత్రంలో వయసు ఏడాది తగ్గించే ఏర్పాటు చేయిస్తానంటున్నాడు. మావారు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. పిల్లవాడు ఆట మానేస్తానంటున్నాడు. మా పాపను నాలుగో తరగతిలో చేర్చడానికి హకీంపేట స్పోర్ట్స్ స్కూలు ఎంపికకు తీసుకెళ్లాలనుకున్నాం. ఇదంతా చూశాక అదీ భయంగానే ఉంది.
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందుగా మీ తోటికోడలి కొడుకు మీద పడిన అనుమానం తీసేద్దాం. అందులో మోసమేమీ లేదు. మన దేశంలో జూనియర్ క్రికెట్ వయసు లెక్క సెప్టెంబరు 1 నుంచి మొదలవుతుంది. బీసీసీఐ టోర్నమెంట్లకు ఆ రోజు మొదలయ్యేసరికి ఎన్నేళ్లు నిండాయన్నదే చూస్తారు. రాష్ట్ర, జిల్లా స్థాయి సెలక్షన్లు కూడా మామూలుగా అదే తేదీని పాటిస్తాయి. సెప్టెంబరు 1న ఆ అబ్బాయికి పద్నాలుగు నిండడానికి ఇంకా పదకొండు రోజులుంది. కనుక మధ్యలో పుట్టినరోజు వచ్చినా ఈ సీజనంతా అతను అండర్-14 ఆటగాడే. మీ వాడికి ఆ రోజుకు పదమూడు నిండి పన్నెండు రోజులు. ఇద్దరిదీ ఒకే గుంపు. వాళ్ల మధ్య తేడా పదకొండు నెలల ఎనిమిది రోజులు.

ఇప్పుడు మీ వాడి లెక్క ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి చూడండి. వచ్చే ఆగస్టు 20కి పద్నాలుగు నిండుతాయి. సెప్టెంబరు 1 వచ్చేసరికి అండర్-14 అయిపోయినట్టే. అదే పన్నెండు రోజులు ఆలస్యంగా, సెప్టెంబరు 1న పుట్టి ఉంటే వచ్చే ఏడాది కూడా అండర్-14 ఆడేవాడు. పైగా ఆ గుంపులో అందరికన్నా పెద్దవాడు అతనే అయ్యేవాడు. అదే పిల్లవాడు, అదే బ్యాటు, అదే కోచ్. మారేది ఆసుపత్రిలో రాసుకున్న తేదీ ఒక్కటే.

ఇది మీ ఒక్కరి ఇంట్లో జరిగిన అన్యాయం కాదు. 1980ల మొదట్లో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ పట్టణంలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భార్యతో కలిసి జూనియర్ ఐస్ హాకీ మ్యాచ్ చూడటానికి వెళ్లాడు. చేతిలో ఉన్న కరపత్రంలో ఆటగాళ్ల వివరాలు చదువుతూ భార్య ఒక వింత గమనించింది. ఎవరి పుట్టినతేదీ చూసినా జనవరి, ఫిబ్రవరి, మార్చి. వాళ్లు ఇంటికి వచ్చి మిగతా జట్ల వివరాలు కూడా తిరగేశారు. 1985లో దీని మీద పరిశోధన పత్రం వెలువడింది. కెనడాలో మేటి జూనియర్ హాకీ జట్లలో పదిమందిలో సుమారు నలుగురు ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లు. చివరి మూడు నెలల్లో పుట్టినవాడు ఒక్కడు. అక్కడ వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది మరి. ఆ తర్వాత ఫుట్‌బాల్, బేస్‌బాల్, రగ్బీ, ఇలా ఏ ఆట తవ్వినా ఇదే బయటపడుతూ వచ్చింది. పరిశోధకులు దీన్ని సాపేక్ష వయసు ప్రభావం అంటారు.

ఇక జాతకం సంగతి. మీ అత్తగారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు, కానీ గ్రహాలకు ఇందులో పాత్ర ఉంటే దేశానికో తీరుగా ఉండకూడదు కదా. కెనడాలో జనవరి పిల్లలకు కలిసివస్తోంది. ఇంగ్లండులో బడి లెక్క సెప్టెంబరు 1తో మొదలవుతుంది కాబట్టి అక్కడి ఫుట్‌బాల్ అకాడమీల్లో సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు పిల్లలది పైచేయి. జపానులో బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది, అక్కడ ఏప్రిల్ నుంచి జూన్ వరకు పుట్టినవాళ్లు ముందుంటారు. ఇంకా గట్టి సాక్ష్యం బెల్జియం నుంచి వచ్చింది. 1997లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య జూనియర్ల వయసు లెక్కను ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మార్చింది. అంతవరకు బెల్జియం కుర్రాళ్ల జట్లలో ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు పిల్లలు కిక్కిరిసి ఉండేవారు. మార్పు వచ్చాక ఆ వైభవం జనవరి, ఫిబ్రవరి, మార్చి పిల్లలకు బదిలీ అయింది. ఆస్ట్రేలియాలో 1988లో దీనికి తలకిందులుగా, జనవరి నుంచి ఆగస్టుకు మార్చారు. పైచేయి కూడా తేదీ వెంబడే వెళ్లింది. సమాఖ్య కార్యాలయం ఒక సర్క్యులర్ పంపితే మారిపోయే గ్రహబలం ఏ పంచాంగంలోనూ ఉండదు. ఈ మాట మీ అత్తగారికి నెమ్మదిగా, పిల్లవాడు లేనప్పుడు చెప్పండి. వాడి చెవిన మాత్రం ఆ జాతకం మాట మళ్లీ పడకూడదు. పదమూడేళ్ల వయసులో ‘నీకు రాసిపెట్టి లేదు’ అని ఇంట్లోవాళ్లే అంటే, రేపు ఏ ఫీల్డరు క్యాచ్ పట్టినా అది వాడికి తలరాతలాగే కనిపిస్తుంది.

మరి పదకొండు నెలల్లో ఏముంది? పదమూడేళ్ల పిల్లవాడికి అది గడిచిన జీవితంలో పదమూడో వంతుకు దగ్గర. ఆరేళ్లవాడికైతే ఆరో వంతు. చిన్నప్పుడు ఈ తేడా ఎత్తు, బరువు, పరుగులోనే కాదు, చెప్పిన మాట వినడంలో, వరుసలో ఓపికగా నిలబడటంలో కూడా తెలుస్తుంది. కోచ్ దృష్టి సహజంగా చెప్పింది వెంటనే చేసేవాడి మీద పడుతుంది.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి దీనికి ఇంకొకటి తోడవుతుంది. అది యవ్వనం. ఇది పుట్టిన నెలను బట్టి రాదు, ఒంటి తత్వాన్ని బట్టి వస్తుంది. మగపిల్లలు సగటున పదమూడున్నర, పద్నాలుగేళ్ల ప్రాంతంలో ఏడాదికి ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతారు. కొందరికి ఆ ఊపు పన్నెండో ఏటే వస్తుంది, కొందరికి పదహారు దాటినా రాదు. పదమూడేళ్ల పిల్లలను ఒక వరుసలో నిలబెట్టి ఎముకల వయసు, అంటే ఎముకలు ఎంత ఎదిగాయో చూస్తే, నాలుగైదేళ్ల తేడా కనిపించడం అరుదేమీ కాదు. సెప్టెంబరులో పుట్టినా ఆలస్యంగా ఎదిగేవాడు వరుస చివర నిలబడతాడు, ఆగస్టులో పుట్టినా తొందరగా ఎదిగినవాడు నెగ్గుకొస్తాడు. మీ వాడి విషయంలో రెండూ కలిసి ఎదురు తిరిగినట్టున్నాయి. మీవారిని ఒక మాట అడగండి, ఆయన ఏ తరగతిలో పొడుగయ్యారో. ‘ఇంటర్‌లో ఒక్కసారిగా పెరిగాను’ అంటే మీ వాడి సంగతి చాలావరకు తేలినట్టే. ఆలస్యంగా ఎదగడం తరచు తండ్రి నుంచో తల్లి నుంచో వస్తుంది.

ఇప్పుడు సెలక్టరు కుర్చీలో కూర్చుని ఆ పది బంతులు చూడండి. వందమందికి పైగా పిల్లలు, రెండు మూడు నెట్లు, చేతిలో ఒక పూట. మీ తోటికోడలి కొడుక్కి నడుము ఎత్తులో వచ్చే బంతి మీ వాడికి ఛాతీ దాకా లేస్తుంది. అతను ముందుకు అడుగు వేసి కొడితే బంతి చప్పుడు చేస్తూ వెళ్లి వల తాకుతుంది. మీ వాడు అంతే చక్కగా ఆడినా ఆ చప్పుడు రాదు. పిచ్ ఇద్దరికీ ఇరవై రెండు గజాలే. ఆస్ట్రేలియాలో చిన్నపిల్లలకు 16, 18 మీటర్ల పిచ్‌లు వేసి, బౌండరీ దగ్గరకు జరిపి ఆడిస్తారు. మన దగ్గర తొమ్మిదేళ్లవాడు కూడా పెద్దల పిచ్ మీదే భుజం నొప్పి తెచ్చుకోవాలి. సెలక్టర్లను నేను పూర్తిగా తప్పుపట్టను. వాళ్లను అడిగేది ఈ ఏడాది గెలిచే జట్టును. ఆరేళ్ల తర్వాత ఎవరు ఆడతారో పట్టుకోమని ఎవరూ చెప్పలేదు, దానికి తగిన సమయమూ ఇవ్వలేదు.

అసలు నష్టం ఆ పూటతో ఆగదు. ఎంపికైనవాడికి జట్టుతో శిబిరాలు, టర్ఫ్ వికెట్ మీద ప్రాక్టీసు, మంచి కోచ్, బలమైన జట్లతో మ్యాచ్‌లు. ‘వీడు ఆటగాడు’ అని చుట్టూ ఉన్నవాళ్లు నమ్ముతారు, కొన్నాళ్లకు వాడూ నమ్ముతాడు. మిగిలినవాడు ఊళ్లో మ్యాటింగ్ వికెట్ మీద, నెట్స్‌లో తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. రెండేళ్లు గడిచాక మొదటివాడు నిజంగానే మెరుగైన ఆటగాడు అవుతాడు. అప్పుడు అందరూ ‘చూశారా, ఆ రోజే గుర్తుపట్టాం’ అంటారు. పదకొండు నెలల అసలు మీద చక్రవడ్డీ అలా పెరుగుతూ పోతుంది.

ఇంత చెప్పాక, తన గుంపులో పెద్దవాడిగా పుట్టిన ప్రతి ఆటగాడిదీ అదృష్టమేనని అనుకోకండి. 2008 అండర్-19 ప్రపంచకప్‌కు అర్హత 1988 సెప్టెంబరు 1 లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లకు. భారత కెప్టెన్ విరాట్ కోహ్లి పుట్టింది 1988 నవంబరు 5న. ఆ టోర్నీలో పెద్దవాళ్లలో ఒకడు. ఆ రెండు నెలల లెక్క అతని తర్వాతి ఆటను వివరించలేదు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరుల్లో పుట్టి ఏమీ కాకుండా పోయినవాళ్లు లెక్కలేనంతమంది. పుట్టిన తేదీ మైదానంలోకి దారి సులువు చేస్తుంది, అంతవరకే.

దానికి అవతలి వైపు ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు హ్యారీ కేన్ ఉన్నాడు. 1993 జూలై 28న పుట్టాడు. ఇంగ్లండు లెక్కలో తన తరగతికి దాదాపు చివరివాడు. ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో ఆర్సెనల్ క్లబ్బు అకాడమీ ఒక్క సీజనుకే వదిలేసింది. తర్వాత టాటెన్‌హామ్ క్లబ్బులో చేరాక కూడా ఏళ్ల తరబడి చిన్న క్లబ్బులకు అరువు మీద వెళ్లి ఆడాడు. 2023లో టాటెన్‌హామ్‌కూ ఇంగ్లండు జట్టుకూ అత్యధిక గోల్స్ రికార్డు అతని పేరు మీదకే వచ్చింది.

ఒక్క పేరుతో ఏదీ రుజువు కాదని మీరు అనవచ్చు, నిజమే. అందుకే పెద్ద లెక్క ఒకటి చెబుతాను. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగు జట్లు 1980 నుంచి 2006 దాకా ఎంచుకున్న కెనడా ఆటగాళ్లను 2013లో ఒక పరిశోధన పరిశీలించింది. ఎంపికైనవాళ్లలో జనవరి నుంచి మార్చి దాకా పుట్టినవాళ్లు 36 శాతం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పుట్టినవాళ్లు 14.5 శాతం. ఇక్కడిదాకా పాత కథే. కానీ ఎంపికైన తర్వాత ఎవరు నిలబడ్డారని చూస్తే, 400 మ్యాచ్‌లు ఆడటం, 200 పాయింట్లు సాధించడం లాంటి మైలురాళ్లను దాటే అవకాశం ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లకు సుమారు రెట్టింపు ఉంది. అంటే జట్లు చిన్నవాళ్లను తక్కువగా అంచనా వేస్తూ వచ్చాయి. ఎప్పుడూ తనకన్నా పెద్దవాళ్లతో ఆడి బతికి బట్టకట్టినవాడికి బలం లేని చోట ఉపాయం, ఓడాక మళ్లీ మర్నాడు మైదానానికి వచ్చే అలవాటు వస్తాయని పరిశోధకుల ఊహ. అది నాకు నమ్మదగినదిగానే కనిపిస్తుంది.

అయితే ఈ కబురు వినగానే ‘చిన్నగా పుట్టడం వరం’ అని పొంగిపోకండి. ఇవి చివరిదాకా మిగిలినవాళ్ల లెక్కలు. పదమూడు, పద్నాలుగేళ్లకే బ్యాటు అటక మీద పెట్టేసినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. వాళ్లే ఎక్కువమంది. మీ వాడు ఇప్పుడు ‘మానేస్తాను’ అంటున్నాడు చూడండి, ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టిన మాట అదొక్కటే.

ఇక ఆ ‘ఏర్పాటు’ చేయిస్తానన్న పెద్దమనిషి. మీవారు తేల్చుకోలేకపోతున్నారని రాశారు. ఇందులో తేల్చుకోవలసిందేమీ లేదు, గుమ్మంలో నుంచే పంపేయండి. మన పెద్దల తరంలో బడిలో చేర్చేరోజు అయ్యవారు తోచిన తేదీ రాసేవారు. అందుకే ఎందరి పుట్టినరోజులో జూన్, జూలై నెలల్లో కుప్పపడి ఉంటాయి. ఆ రోజుల్లో అది అమాయకత్వం. ఇప్పుడు తెలిసి చేసేది నేరం. 2020లో బీసీసీఐ తప్పుడు తేదీ ఇచ్చినవాళ్లు తమంతట తాము ఒప్పుకోవడానికి ఒక అవకాశం ఇచ్చింది. ఒప్పుకోకుండా దొరికినవాళ్లకు రెండేళ్ల నిషేధం అని ప్రకటించింది. అండర్-16 అబ్బాయిలకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు అంచనా వేస్తారు. ఆ పరీక్ష తప్పించుకోవచ్చని కూడా ఆయన చెబుతాడు, చూడండి. తప్పించుకున్నాడే అనుకోండి. అప్పుడు మీ వాడు తన కన్నా ఏడాది చిన్నవాళ్ల మీద పరుగులు చేసి, పద్దెనిమిదో ఏట సమ ఉజ్జీల ముందు నిలబడలేక, ఎవరికీ చెప్పుకోలేని రహస్యంతో మిగులుతాడు. పదమూడేళ్ల పిల్లవాడితో జీవితాంతం అబద్ధం మోయించే హక్కు తల్లిదండ్రులకు లేదు. పైగా మీరు తోటికోడలి ఇంటివాళ్ల మీద అనుమానపడిన మోసాన్నే మీరు చేసినట్టవుతుంది.

మరేం చేయాలంటారా? మొదట వాడితో కూర్చుని సెప్టెంబరు 1 లెక్క కాగితం మీద వేసి చూపించండి. పదమూడేళ్లవాడికి ఇది చక్కగా అర్థమవుతుంది. ‘నీలో లోపం ఉంది’ అన్నదానికీ ‘నువ్వు ఈ గుంపులో చిన్నవాడివి’ అన్నదానికీ చాలా దూరం ఉంది. కానీ లెక్క ఒక్కసారే చెప్పండి. ప్రతి ఓటమికీ ఆగస్టు నెలనే తిడుతూ కూర్చుంటే, కవర్ డ్రైవ్ ఎందుకు గాల్లోకి లేచిందో వాడు ఎప్పటికీ ఆలోచించడు.

రెండోది, జట్టు పేరు కన్నా మ్యాచ్‌ల సంఖ్య చూడండి. ఎంపికైన జట్టులో పన్నెండోవాడిగా నీళ్లు మోసే పిల్లవాడి కన్నా, క్లబ్బు లీగులో, బడి జట్టులో వారం వారం ఇన్నింగ్స్ మొదలుపెట్టేవాడు ఎక్కువ నేర్చుకుంటాడు. వచ్చే రెండేళ్లు మీ వాడికి కావలసింది క్రీజులో గడిపే సమయం. అకాడమీని ఎంచుకునేటప్పుడు నెట్స్ ఎన్ని ఉన్నాయని అడగడం కన్నా, నెలకు ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు, అందులో మా వాడు ఎక్కడ బ్యాటింగ్ చేస్తాడు అని అడగండి.

మూడోది బ్యాటు. ‘పెరుగుతాడు కదా’ అని చెప్పులు, చొక్కాలు పెద్దవి కొన్నట్టే బ్యాటు కూడా పెద్దది కొంటారు మనవాళ్లు. నాలుగడుగుల ఎనిమిదంగుళాల పిల్లవాడికి పెద్దల బ్యాటు ఇస్తే పై చేతి పని పోతుంది, అడ్డంగా ఊపడం అలవాటవుతుంది. నాలుగో సైజు, బాగా అయితే ఐదో సైజు చాలు. బరువు తక్కువది చూడండి. ఈ వయసులో వాడు గెలవగలిగేది పాదాల కదలికతో, బంతిని ఆలస్యంగా ఆడటంతో, కట్, స్వీప్, ఖాళీల్లోకి తోసి తీసే ఒంటి పరుగులతో. బలం వచ్చాక అవి నేర్చుకోవడం కష్టం, అవి వచ్చాక బలం తోడవడం సులువు.

మూడు నెలలకోసారి గోడ మీద ఎత్తు గుర్తు పెట్టండి. హఠాత్తుగా పెరగడం మొదలైన కొన్ని నెలలు కాళ్లూ చేతులూ వాడి మాట వినవు, నిన్నటిదాకా తగిలిన బంతి తగలదు. అప్పుడు ఎవరూ కంగారుపడి ఆట పద్ధతి మార్చేయకూడదు. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే పిల్లల వైద్యుడికి చూపించండి. ఎత్తు పెంచే పొడులు, టానిక్కులు, కడ్డీకి వేలాడదీయడాలు మాత్రం వద్దు.

నాలుగోది, మీ కోచ్‌ను కదిలించడానికి పనికొచ్చే ఒక ముచ్చట. నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ స్కౌట్‌లకు, అంటే క్లబ్బుల కోసం కుర్రాళ్లను వెతికేవాళ్లకు, కుర్రాళ్ల ఆట చూపించి మార్కులు వేయమన్నారు. ఏ వివరమూ చెప్పనప్పుడు పెద్ద పిల్లలకే ఎక్కువ మార్కులు పడ్డాయి. పుట్టినతేదీలు కాగితం మీద రాసిచ్చినా అదే తీరు. చివరికి పిల్లల చొక్కా మీద నంబర్లను వయసు వరుసలో వేశారు, ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది కంటికి కనిపించేలా. అప్పుడు ఆ పక్షపాతం పోయింది. 2017లో ప్రచురితమైన ఈ ప్రయోగానికి ఖర్చు నంబర్లు కుట్టించడమే. ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ అకాడమీలు కొన్నాళ్లుగా పిల్లలను అప్పుడప్పుడు పుట్టినతేదీతో కాకుండా శరీర ఎదుగుదలను బట్టి గుంపులు చేసి ఆడిస్తున్నాయి. బెల్జియం ఫుట్‌బాల్ సమాఖ్య ఆలస్యంగా ఎదిగే కుర్రాళ్ల కోసం విడిగా జాతీయ జట్లే నడుపుతోంది. మన అకాడమీలో ఆదివారం ప్రాక్టీసు మ్యాచ్‌కైనా ఎత్తూ బరువును బట్టి రెండు జట్లు చేయమని అడగండి. ఒప్పుకుంటే మీ వాడు ఎన్నాళ్ల తర్వాతో ఛాతీకి బదులు నడుము ఎత్తులో వచ్చే బంతులు ఆడతాడు. మీ తోటికోడలి కొడుకు తనంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లను ఎదుర్కొంటాడు, అది అతనికీ అవసరమే. పద్నాలుగేళ్లకు బలంతో నెగ్గినవాడు, పదిహేడు పద్దెనిమిదేళ్లకు మిగతావాళ్లు అందుకున్నాక, చేతిలో వేరే ఆయుధం లేక తెల్లబోవడం మైదానాల్లో మామూలు దృశ్యం.

ఆ మాట మీద ఇంకొకటి. మీ తోటికోడలితో ముభావంగా ఉంటున్నారేమో, ఉత్తరం వాసన చూస్తే అలాగే ఉంది. పిల్లలిద్దరూ అన్నదమ్ములు. ఇద్దరిలో ఎవరూ ఈ తేదీని ఎంచుకోలేదు. ఆ అబ్బాయి ఫాస్ట్ బౌలర్ అయితే ఆమెకు ఒక ఉపకారం చేయండి. ఒళ్లు పెరిగే ఈ ఏడాది రెండేళ్లలో కుర్ర ఫాస్ట్ బౌలర్లకు నడుము ఎముకల్లో సన్నని పగుళ్లు రావడం ఎక్కువ. ఎంపికైన పిల్లవాడితో జిల్లా జట్టు, క్లబ్బు, బడి అందరూ ఓవర్లు వేయిస్తారు, ఎవరూ మొత్తం లెక్కపెట్టరు. ఆ లెక్క ఇంట్లోవాళ్లే రాసుకోవాలి, నడుము నొప్పి అంటే ఆపేయించాలి. మీ వాడు నెట్స్‌లో అతని బంతులే ఆడేలా చూడండి. అంతకన్నా మంచి ప్రాక్టీసు డబ్బిచ్చినా దొరకదు.

ఎప్పటిదాకా ఆగాలని అడుగుతారేమో. నా లెక్కలో పదిహేడు, పద్దెనిమిదేళ్ల దాకా. అప్పటికి ఎదుగుదల తేడాలు చాలావరకు సర్దుకుంటాయి, ఆటలో పస ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఈలోగా అండర్-16 సెలక్షన్లలో మళ్లీ కాదనవచ్చు, అందుకు సిద్ధంగానే వెళ్లండి. చదువు వదిలేసి ఆడమని మాత్రం చెప్పను. ఇదంతా చెప్పాక కూడా వాడికి ఆట మీద ఇష్టమే పోయిందంటే మానేయనివ్వండి. ఓటమి చికాకులో అన్నాడా, నిజంగా అన్నాడా అన్నది ఒక నెల నెట్స్ మాట ఎత్తకుండా, వీధిలో టెన్నిస్ బంతితో ఆడుకోనిచ్చి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక పాప. హకీంపేట ఎంపికలో ఎత్తూ బరువూ కొలుస్తారు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, పైకి ఎగరడం, షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, ఒంటి వంపు, 800 మీటర్ల పరుగు చూస్తారు. ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో వీటన్నిటిలో కొన్ని నెలల పెద్దతనం కూడా మార్కులుగా మారుతుంది. అందుకని ప్రకటనలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పుట్టినవాళ్లు అర్హులో ముందు చూసి, ఆ మధ్యలో పాప ఎక్కడ పడుతుందో లెక్కవేసుకోండి. చివరి నెలల్లో ఉంటే, ఎంపిక కాకపోవడానికి అదొక కారణమని మీకు ముందే తెలిసి ఉంటుంది. మొత్తం మీద ఆడపిల్లల ఆటల్లో ఈ ప్రభావం మగపిల్లల కన్నా కాస్త తక్కువగా కనిపిస్తుంది. జిమ్నాస్టిక్స్ లాంటి చోట్లయితే చిన్న ఒళ్లే మేలు. తీసుకెళ్లండి. 800 మీటర్లు ఎప్పుడూ పరుగెత్తని పిల్లలు మొదటి వంద మీటర్లకే ఓపికంతా ఖర్చుపెట్టేస్తారు, కనుక రెండు నెలల ముందు నుంచి వారానికి మూడుసార్లు, సాయంత్రం చల్లబడ్డాక, నెమ్మదిగా మొదలుపెట్టి అదే వేగంతో చివరిదాకా వెళ్లడం అలవాటు చేయండి. అన్నయ్యను తోడుగా పరుగెత్తమనండి, వాడికీ పనుంటుంది.